ఐపీవీ6 అడ్రసు: మీ ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఐపీ అడ్రసుల గురించే. అందుకే ఈ శీర్షిక మొత్తం వాటికే ఇచ్చాం. చదివే ముందు ఒక్క మాట. నెట్‌లో పరికరాలను గుర్తించే నంబరే ఐపీ అడ్రసు. పాత తరహాది ఐపీవీ4, కొత్త తరహాది ఐపీవీ6. కొత్త తరహా అడ్రసుల్లో అంకెలతో పాటు ఇంగ్లీషు అక్షరాలు ఏ నుంచి ఎఫ్ దాకా వస్తాయి. ఇక్కడ వాటిని ‘డీబీ8’, ‘ఎఫ్ఈ80’ అని తెలుగులో వేస్తున్నాం. మీరు టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాలే కొట్టాలి. 2001:డీబీ8 తో మొదలయ్యే అడ్రసులు ఉదాహరణల కోసం పక్కన పెట్టినవి, నెట్‌లో ఎవరికీ ఇవ్వరు. కాబట్టి మీ రూటర్‌లో వాటిని ఉన్నవి ఉన్నట్టు ఎక్కించకండి.

ప్రశ్న: ఇంటికి నాలుగు సీసీ కెమెరాలు, వాటి వీడియో రికార్డు చేసే డీవీఆర్ పెట్టించాం. డల్లాస్‌లో ఉన్న మా అబ్బాయి చూసుకోవాలని రూటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ చేయించాం. ఇంట్లో వైఫై మీద బాగానే కనిపిస్తున్నాయి, బయట నుంచి రావడం లేదు. టెక్నీషియన్ మూడుసార్లు వచ్చి చూశాడు, డీవీఆర్ మార్చాలంటున్నాడు. మార్చాలా? (తెనాలి)

జవాబు: మార్చకండి. ఇంట్లో వైఫై మీద కనిపిస్తోందంటే డీవీఆర్ బాగున్నట్టే. ముందు ఒక పరీక్ష చేయండి. రూటర్ అడ్మిన్ పేజీలోకి వెళ్లి, స్టేటస్ అనే చోట ‘వాన్ ఐపీ’ (రూటర్‌కు బయటి వైపున్న అడ్రసు) ఎంతుందో కాగితం మీద రాసుకోండి. తర్వాత అదే వైఫై మీద ఉన్న ఫోన్‌లో ‘వాట్ ఈజ్ మై ఐపీ’ అని వెతికితే ఇంకో నంబరు వస్తుంది. రెండూ ఒకటే అయితే పోర్ట్ ఫార్వర్డింగ్ సెట్టింగులో ఎక్కడో తప్పుంది. రెండూ వేరై, రూటర్‌లో ఉన్నది 100.64 నుంచి 100.127 మధ్యలో మొదలైతే, ఉదాహరణకు 100.72.5.9 లాంటిదైతే, మీరు సీజీనాట్ వెనక ఉన్నారు. అప్పుడు డీవీఆర్ ఎన్నిసార్లు మార్చినా అంతే.

సీజీనాట్ అంటే మీ నెట్ కంపెనీ ఒకే పబ్లిక్ అడ్రసును చాలా ఇళ్లకు కలిపి వాడటం. గేటెడ్ కాలనీ సంగతి తీసుకోండి. మీ ఇంటి తలుపు దగ్గర మనిషికి ‘కెమెరా కోసం ఎవరొచ్చినా లోపలికి పంపు’ అని మీరు చెప్పారు. అదే పోర్ట్ ఫార్వర్డింగ్. కానీ కాలనీ గేటు దగ్గర కంపెనీ వాచ్‌మన్ ఉన్నాడు. వచ్చిన మనిషి ఏ ఇంటికి రావాలో అతనికి తెలియదు, వెనక్కి పంపేస్తాడు. ఆ గేటు మీ చేతిలో లేదు.

ఈ పరిస్థితి ఎందుకొచ్చిందంటే, పాత ఐపీవీ4 అడ్రసు 32 బిట్లది (ఒక్కో బిట్ ఒక 0 లేదా 1). మొత్తం లెక్క 429 కోట్ల 49 లక్షల 67 వేల 296. ప్రపంచం మొత్తానికి పంచే ఐఏఎన్ఏ సంస్థ దగ్గర ఉన్న ఆఖరి పెద్ద బ్లాకులు 2011 ఫిబ్రవరి 3న అయిపోయాయి. మన ఆసియా పసిఫిక్ ప్రాంతానికి ఇచ్చే ఏపీనిక్ అదే ఏడాది ఏప్రిల్ 15న తన చివరి బ్లాకుకు చేరి, అప్పటి నుంచి చిన్న చిన్న ముక్కలుగా మాత్రమే ఇచ్చింది. తర్వాత వచ్చిన కంపెనీలకు ఇంటికొక అడ్రసు ఇచ్చే వీలు లేకపోయింది. 2012లో 100.64 తో మొదలయ్యే వరుసను ప్రత్యేకంగా ఈ పని కోసమే కేటాయించారు.

మీకు మూడు దారులున్నాయి. ఒకటి, కంపెనీని ‘స్టాటిక్ ఐపీ’, అంటే మీ ఒక్క ఇంటికే చెందిన మారని పబ్లిక్ అడ్రసు, అడగడం. చాలాచోట్ల దీనికి అదనంగా డబ్బు కట్టాలి. రెండు, డీవీఆర్ తయారీదారు యాప్‌లో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి వాడటం. డీవీఆరే బయటికి వెళ్లి వాళ్ల సర్వర్‌ను పట్టుకుని కూర్చుంటుంది కాబట్టి గేటు అడ్డురాదు. కానీ మీ ఇంటి వీడియో దారిలో వాళ్ల సర్వర్ ఉంటుందని మరవకండి. మూడోది ఐపీవీ6. మీ నెట్‌లో అది ఉంటే మాకు అన్నిటికంటే నచ్చిన దారి ఇదే, ఎందుకంటే ఇందులో కాలనీ గేటే ఉండదు. ఇంట్లో ప్రతి పరికరానికీ సొంత అడ్రసు ఉంటుంది.

ఎలా చేయాలంటే: రూటర్‌లో ఐపీవీ6 ఆన్‌లో ఉందో లేదో చూడండి. ‘డెలిగేటెడ్ ప్రిఫిక్స్’ (కంపెనీ మీ ఇంటికి ఇచ్చిన, అడ్రసుల ముందు భాగం) అనే చోట 2 తో మొదలయ్యే అడ్రసు కనిపిస్తే వచ్చినట్టే. ఇక డీవీఆర్‌ను నేరుగా బయటికి తెరిచేకంటే, రూటర్‌లో వైర్‌గార్డ్ వీపీఎన్ (బయటి నుంచి ఇంటి నెట్‌వర్క్‌లోకి వచ్చే తాళం వేసిన దారి) ఉంటే దాన్ని పెట్టండి. సాధారణంగా అది యూడీపీ 51820 పోర్టు మీద నడుస్తుంది. ఆ ఒక్క పోర్టు తెరిస్తే చాలు, అబ్బాయి వీపీఎన్‌లోకి వచ్చి ఇంట్లో ఉన్నట్టే కెమెరాలు చూస్తాడు. డీవీఆర్ సాఫ్ట్‌వేర్ పాతబడి లోపాలున్నా బయటివాళ్లు దాన్ని చేరలేరు.

ఇందులో బెడిసికొట్టేవి రెండున్నాయి. కరెంటు పోయి రూటర్ మళ్లీ లేచినప్పుడు కంపెనీ కొత్త ప్రిఫిక్స్ ఇవ్వొచ్చు. అడ్రసు మారిపోతుంది, నిన్నటిదాకా వచ్చింది ఈరోజు రాదు. అందుకని రూటర్‌లో డైనమిక్ డీఎన్ఎస్ (మారే అడ్రసుకు మారని పేరు పెట్టే సర్వీసు) పెట్టి, అబ్బాయికి అడ్రసు కాకుండా పేరు ఇవ్వండి. ఆ సర్వీసు ‘క్వాడ్ ఏ’ రికార్డును, అంటే ఐపీవీ6 అడ్రసుకు సంబంధించిన డీఎన్ఎస్ నమోదును, తనంతట తాను మారుస్తుందో లేదో ముందే కనుక్కోండి. కొన్ని పాత సర్వీసులు ఐపీవీ4 ఒక్కటే మారుస్తాయి. రెండోది, అబ్బాయి వైపు కూడా ఐపీవీ6 ఉండాలి. అమెరికాలో పెద్ద మొబైల్ నెట్‌వర్కులన్నిట్లో ఉంది. ఆఫీసు వైఫైలో లేకపోతే మొబైల్ డేటా మీద చూడమనండి.

ప్రశ్న: డిప్లొమా చదువుతున్నాను. ఐపీవీ6 అడ్రసును కుదించి రాయడంలో ప్రతిసారీ మార్కులు పోతున్నాయి. రెండు కోలన్లు ఎక్కడ పెట్టాలి? /64 అంటే ఏమిటి? (కరీంనగర్)

జవాబు: ఒకే అడ్రసు తీసుకుని మెల్లగా చేద్దాం.

2001:0డీబీ8:0000:0012:0000:0000:0000:0500

మొత్తం ఎనిమిది గుంపులు, ఒక్కో గుంపులో నాలుగు గుర్తులు. ఒక్కో గుర్తు నాలుగు బిట్లు, కాబట్టి గుంపు 16 బిట్లు, ఎనిమిది గుంపులు కలిపి 128. గుర్తులు పదహారు: 0 నుంచి 9 దాకా అంకెలు, తర్వాత 10 నుంచి 15 కు బదులు ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలు.

మొదటి పని, ప్రతి గుంపులో ముందున్న సున్నాలు తీసేయడం. గుంపంతా సున్నాలే అయితే ఒక సున్నా మిగలాలి.

2001:డీబీ8:0:12:0:0:0:500

మీ మార్కులు బహుశా ఇక్కడే పోతున్నాయి. 0500 ను 500 అనాలి గానీ 5 అనకూడదు. వెనక సున్నాలు విలువలో భాగం, ఐదు వందలను ఐదు అనలేం కదా.

రెండో పని, వరసగా సున్నా గుంపులు ఎక్కడ ఎక్కువున్నాయో వెతకడం. మూడో గుంపు ఒంటరి సున్నా. అయిదు, ఆరు, ఏడు గుంపులు వరసగా సున్నాలు. ఈ మూడింటి చోట రెండు కోలన్లు పెట్టాలి.

2001:డీబీ8:0:12::500

రెండు కోలన్లు అడ్రసులో ఒక్కసారే రావాలి. రెండుసార్లు పెడితే ఏ ఖాళీలో ఎన్ని గుంపులు పోయాయో చదివేవాడికి తెలియదు. ఒకసారే ఉంటే, కనిపిస్తున్న గుంపుల్ని ఎనిమిదిలోంచి తీసేస్తే పోయినవి తేలతాయి. ఇక్కడ అయిదు కనిపిస్తున్నాయి, కాబట్టి పోయినవి మూడు. రెండు చోట్ల సమానంగా సున్నాలుంటే మొదటి చోట పెట్టాలి. ఒకే ఒక్క సున్నా గుంపు కోసం వాడకూడదు. అక్షరాలు చిన్నవి రాయాలి. 2010లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 5952 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంలో ఈ పద్ధతి ఖాయం చేశారు. వేరేగా రాసినా కంప్యూటర్ అర్థం చేసుకుంటుంది. కానీ లాగ్ ఫైల్లో వెతికేటప్పుడు ఒకే అడ్రసు నాలుగు రకాలుగా ఉంటే దొరకదు, అందుకే ఈ పట్టింపు.

ఇక /64 అంటే, ఎడమ నుంచి మొదటి 64 బిట్లు, అంటే నాలుగు గుంపులు, నెట్‌వర్క్‌వి. మిగిలిన నాలుగు గుంపులు అందులోని పరికరానివి. ఊరు, వీధి ఎడమవైపు, డోర్ నంబరు కుడివైపు అనుకోండి. పై అడ్రసులో నెట్‌వర్క్ 2001:డీబీ8:0:12::/64.

మొదటి గుంపు చూడగానే జాతి చెప్పగలగాలి, అది అలవాటు చేసుకోండి. 2 తో గానీ 3 తో గానీ మొదలైతే ప్రపంచమంతా చేరగల అడ్రసు. ఎఫ్ఈ80 అయితే ఆ ఒక్క తీగ లేదా వైఫై వరకే, రూటర్ దాటదు. ఎఫ్‌డీ తో మొదలైతే సంస్థ లోపల సొంతంగా వాడుకునేది, పాత 192.168 కి దగ్గరి చుట్టం. ఎఫ్ఎఫ్ అయితే మల్టీకాస్ట్, ఒకేసారి చాలామందికి పంపేది. ::1 అంటే తన యంత్రమే.

ప్రశ్న: నా ల్యాప్‌టాప్‌లో ఐపీకాన్ఫిగ్ కొడితే మూడు ఐపీవీ6 అడ్రసులు వస్తున్నాయి. ఒకటి రోజూ మారుతోంది. వైరస్ ఏమైనా పట్టిందా? (రాజమహేంద్రవరం)

జవాబు: లేదు, నిశ్చింతగా ఉండండి. ఐపీకాన్ఫిగ్ అంటే విండోస్‌లో కంప్యూటర్ అడ్రసులు చూపించే కమాండ్, అది ఉన్నవన్నీ చూపిస్తుంది. ఐపీవీ6లో ఒక పరికరానికి చాలా అడ్రసులు ఉండటమే మామూలు.

ల్యాప్‌టాప్ వైఫైకి కలవగానే ఎఫ్ఈ80 అడ్రసు తనకు తానే పెట్టుకుంటుంది. ఇంకెవరైనా ఇదే వాడుతున్నారా అని నెట్‌వర్క్‌లో అడిగి, జవాబు రాకపోతే ఖాయం చేసుకుంటుంది. తర్వాత ‘ఇక్కడ రూటర్లు ఎవరు?’ అని ఎఫ్ఎఫ్02::2 కు కేక వేస్తుంది. రూటర్ తన జవాబులో 64 బిట్ల ప్రిఫిక్స్ చెబుతుంది. దాని పక్కన మిగతా 64 బిట్లు తయారుచేసుకుని అతికించుకోవడం ల్యాప్‌టాప్ పని. ఎవరూ అడ్రసు చేతికివ్వనక్కర్లేదు.

ఆ మిగతా సగం మొదట్లో నెట్‌వర్క్ కార్డు మీద ఉండే మ్యాక్ నంబరు నుంచే తయారయ్యేది. 00-25-96-12-34-56 అనే మ్యాక్‌ను నడిమికి విరిచి మధ్యలో ఎఫ్ఎఫ్, ఎఫ్ఈ ఇరికిస్తారు, మొదటి బైటులో ఏడో బిట్‌ను తిరగేస్తారు. 00 కాస్తా 02 అయి, 0225:96ఎఫ్ఎఫ్:ఎఫ్ఈ12:3456 వస్తుంది. ఇందులో ఒక చిక్కుంది. మీరు ఇంట్లో ఉన్నా, ఆఫీసులో ఉన్నా, హోటల్లో ఉన్నా కుడి సగం మారదు. వెబ్‌సైట్లు మిమ్మల్ని ఊరూరా గుర్తుపట్టేస్తాయి. అందుకే ఇప్పుడు విండోస్, ఆండ్రాయిడ్, ఐఫోన్ అన్నీ ఆ సగాన్ని యాదృచ్ఛికంగా తయారుచేస్తాయి. రోజూ మారుతున్న మీ అడ్రసు ‘టెంపరరీ’ అని పక్కన రాసి ఉన్నదే. మీరు బయటి సైట్లకు వెళ్లేది దాంతోనే. మారకుండా ఉన్న రెండోది బయటి నుంచి మీ యంత్రాన్ని చేరాలనుకున్నప్పుడు పనికొస్తుంది.

మీ దగ్గరున్న అడ్రసు మధ్యలో ‘ఎఫ్ఎఫ్:ఎఫ్ఈ’ కనిపిస్తే ఆ పరికరం ఇంకా పాత పద్ధతిలోనే ఉందని అర్థం. ప్రింటర్లు, కెమెరాల్లో ఇది కనబడుతుంది. ఇంట్లో కదలకుండా ఉండేవాటికి పెద్ద నష్టం లేదు.

ప్రశ్న: మా ఆఫీసు నెట్‌వర్క్ చూసేది నేనే. ఐపీవీ6 ఆన్ చేశాక కొన్ని సైట్లు సగం తెరుచుకుని ఆగిపోతున్నాయి. పింగ్ దాడులు రాకుండా ఫైర్‌వాల్‌లో ఐసీఎంపీ మొత్తం బంద్ చేశాను, దానికీ దీనికీ సంబంధం ఉందా? (వరంగల్)

జవాబు: అదే కారణం అయ్యుండాలి. ఐసీఎంపీ అంటే నెట్‌వర్క్‌లో యంత్రాలు తప్పులు, సమాచారం ఒకదానికొకటి చెప్పుకునే కబుర్లు. ‘ఉన్నావా?’ అని అడిగే పింగ్ వాటిలో ఒకటి మాత్రమే.

ఐపీవీ4లో ప్యాకెట్ పెద్దదై దారిలో పట్టకపోతే మధ్యలోని రూటర్ దాన్ని ముక్కలు చేసి పంపగలదు. ఐపీవీ6లో మధ్యలో ఎవరూ ముక్కలు చేయరు. పట్టకపోతే రూటర్ ఆ ప్యాకెట్‌ను పడేసి, పంపినవాడికి ‘ప్యాకెట్ టూ బిగ్’ అని కబురు పెడుతుంది. అది ఐసీఎంపీవీ6లో టైప్ 2. మీరు ఐసీఎంపీ మొత్తం మూసేస్తే ఆ కబురు చేరదు. పంపినవాడు అదే పెద్ద ప్యాకెట్‌ను మళ్లీ మళ్లీ పంపుతూ ఉంటాడు, అవతల అందదు.

సగం తెరుచుకోవడం కూడా ఇందుకే. కనెక్షన్ మొదలయ్యేటప్పటి ప్యాకెట్లు చిన్నవి, అవి దాటిపోతాయి. బ్రౌజర్ ఐపీవీ6 బాగుందనుకుంటుంది. మామూలుగా అయితే ఐపీవీ6 సుమారు 250 మిల్లీసెకన్లలో కలవకపోతే అది ఐపీవీ4ను కూడా ప్రయత్నిస్తుంది. ఇక్కడ కలిసింది కాబట్టి ఆ ఆలోచనే చేయదు. అసలు పేజీ పెద్ద ప్యాకెట్లలో రావడం మొదలయ్యాక ఆగుతుంది.

నిర్ధారణకు ఒక పరీక్ష. ఈథర్‌నెట్ మోసే ప్యాకెట్ గరిష్ఠంగా 1500 బైట్లు. అందులో ఐపీవీ6 హెడర్ 40, ఐసీఎంపీవీ6 హెడర్ 8 పోతే 1452. విండోస్‌లో పింగ్‌కు మైనస్ 6 తగిలించి, సైజు 1452 ఇచ్చి, పింగ్‌కు జవాబిస్తుందని తెలిసిన సైటుకు కొట్టండి. తర్వాత సైజు 1200 కు తగ్గించి కొట్టండి. చిన్నదానికి జవాబొచ్చి పెద్దదానికి రాకపోతే రోగం ఇదే. మీది పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో కలిసే) కనెక్షనైతే అది 8 బైట్లు తినేస్తుంది, దారి 1492 కే ఉంటుంది. అందుకే ఇలాంటి కనెక్షన్లలో ఇది ఎక్కువ బయటపడుతుంది.

ఫైర్‌వాల్‌లో ఐసీఎంపీవీ6 టైప్ 1, 2, 3, 4 దారి దాటనివ్వండి. లోపలి నెట్‌వర్క్‌లో 133 నుంచి 136 దాకా ముట్టుకోకండి. రూటర్‌ను వెతకడం, పక్క యంత్రం మ్యాక్ కనుక్కోవడం వాటితోనే జరుగుతాయి. ఐపీవీ4లో ఏఆర్‌పీ చేసే పని ఇక్కడ ఐసీఎంపీదే. పింగ్ అడిగే 128 ఒక్కటి బయటి నుంచి మూసుకోవాలంటే మూసుకోండి. అవతలివాళ్ల ఫైర్‌వాల్‌లోనే ఈ తప్పుంటే మీ రూటర్‌లో టీసీపీ ఎంఎస్ఎస్‌ను, అంటే ఒక ప్యాకెట్‌లో పట్టే డేటా పరిమితిని, తగ్గించండి. 1492 దారికి 1432 సరిపోతుంది (ఐపీవీ6 హెడర్ 40, టీసీపీ హెడర్ 20 పోగా). ఏం చేసినా 1280 కంటే తక్కువ ఎంటీయూ (ప్యాకెట్ గరిష్ఠ సైజు) పెట్టకండి, ఐపీవీ6 ఒప్పుకునే కనీసం అదే.

ప్రశ్న: కింది అంతస్తులో కంపెనీవాళ్ల రూటర్, పైన మేం కొన్న రెండో రూటర్ ఉన్నాయి. పై వైఫైలో ఐపీవీ6 రావడం లేదు. (మియాపూర్, హైదరాబాద్)

జవాబు: రెండు అంతస్తులకూ ఒకే నెట్‌వర్క్ చాలనుకుంటే పైదాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో (సొంత నెట్‌వర్క్ లేకుండా వైఫై మాత్రమే ఇచ్చేలా) పెట్టండి. ఆ మోడ్ లేని రూటరైతే అందులో డీహెచ్‌సీపీ (పరికరాలకు అడ్రసులు పంచే సదుపాయం) ఆపి, కింది రూటర్ నుంచి వచ్చే తీగను వాన్ పోర్టులో కాక లాన్ పోర్టులో గుచ్చండి. వెంటనే వస్తుంది. చాలా ఇళ్లకు ఇదే సరైనది.

పైది వేరే నెట్‌వర్క్‌గా ఉండాలంటే దానికి సొంత /64 కావాలి. కంపెనీ మీకు ఒకే ఒక్క /64 ఇస్తే పంచడానికేమీ మిగలదు. దాన్ని /72 గా కోసి ఇద్దామని కొందరు చూస్తారు. ఫోన్లు తమ అడ్రసు తాము తయారుచేసుకోవాలంటే ప్రిఫిక్స్ కచ్చితంగా 64 ఉండాలి, కాబట్టి అది పనిచేయదు. /56 ఇస్తే 256 నెట్‌వర్కులు మీ చేతిలో ఉన్నట్టే. 2001:డీబీ8:12:3400::/56 వచ్చిందనుకోండి. నాలుగో గుంపులో 34 కంపెనీది, తర్వాతి రెండు గుర్తులు మీ ఇష్టం. కింద 3400, పైన 3410, కెమెరాలకు 3420 ఇలా.

ఈ పంపకాన్ని కంపెనీ నుంచి అడిగేది మీ మొదటి రూటర్. ఫైబర్ పెట్టె అయిన ఓఎన్‌టీయే రూటర్‌గా కూడా పనిచేస్తుంటే ప్రిఫిక్స్ దాని దగ్గరే ఆగిపోతుంది, మీ రూటర్ దాకా రాదు. కంపెనీకి ఫోన్ చేసి ఓఎన్‌టీని బ్రిడ్జ్ మోడ్‌లో (రూటర్ పని మానేసి కనెక్షన్‌ను మాత్రమే అందించేలా) పెట్టమనండి. పెట్టించే ముందే పీపీపీఓఈ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడిగి రాసుకోండి. ఇకపై అవి మీ రూటర్‌లో ఎక్కించాలి, లేకపోతే ఇల్లంతా నెట్ పోతుంది.

ప్రశ్న: ఐపీవీ6లో నాట్ ఉండదు కాబట్టి ఇంట్లో పరికరాలన్నీ బయటికి బట్టబయలేనట. ఆపేయమని చెబుతున్నారు. నిజమేనా? (మచిలీపట్నం)

జవాబు: ఆపకండి. నాట్ అంటే రూటర్ ఒకే పబ్లిక్ అడ్రసును ఇంట్లో పరికరాలన్నిటికీ కలిపి వాడటం. మిమ్మల్ని ఇన్నాళ్లూ కాపాడింది నాట్ కాదు, రూటర్‌లోని ఫైర్‌వాల్. లోపలి నుంచి అడిగినదానికి వచ్చే జవాబును రానిచ్చి, పిలవకుండా వచ్చినదాన్ని ఆపేది అదే. ఐపీవీ6కూ ఆ పని చేస్తుంది. మీరు చూడాల్సిందల్లా రూటర్ ఐపీవీ6 పేజీలో ఫైర్‌వాల్ ఆన్‌లో ఉందా అని. కొన్ని చౌక రూటర్లలో ఐపీవీ4కు ఒక మీట, ఐపీవీ6కు ఇంకో మీట ఉంటాయి, రెండోది ఆఫ్‌లో ఉండొచ్చు. అది ఒక్కసారి స్వయంగా చూసుకోండి.

వరసబెట్టి వెతికి మీ పరికరాన్ని పట్టుకోవడం కూడా ఇక్కడ తేలిక కాదు. ఒక్క /64 లో ఉన్న అడ్రసుల లెక్క 20 అంకెల సంఖ్య. సెకనుకు పది లక్షల చొప్పున తట్టుకుంటూ పోయినా మొత్తం పూర్తవడానికి సుమారు 5.8 లక్షల ఏళ్లు పడుతుంది. ఈ లాభం దక్కాలంటే పరికరాలకు చేత్తో ::1, ::2, ::3 అని ఇవ్వకండి. ముందు తట్టి చూసేది వాటినే.

ప్రశ్న: కంప్యూటర్‌కు 169.254 తో మొదలయ్యే అడ్రసు వచ్చింది, నెట్ లేదు. (ఒంగోలు)

జవాబు: రూటర్ నుంచి అడ్రసు అందలేదని దాని అర్థం. డీహెచ్‌సీపీని అడిగి అడిగి జవాబు రాక కంప్యూటర్ తనే పెట్టుకుంది. ముందు తీగ, తర్వాత వైఫై పాస్‌వర్డ్, ఆ తర్వాత రూటర్‌లో డీహెచ్‌సీపీ ఆన్‌లో ఉందా, ఇవ్వాల్సిన అడ్రసులు అయిపోయాయా, ఈ వరసలో చూడండి. ఈ స్థితిలోనూ ఎఫ్ఈ80 అడ్రసు ఉంటుంది, దాన్ని చూసి ఐపీవీ6 వచ్చిందనుకోకండి.

ప్రశ్న: నాలుగు తర్వాత ఆరు ఏమిటి, ఐపీవీ5 ఏమైంది? (బెంగళూరు)

జవాబు: ప్యాకెట్ మొదట్లో వెర్షన్ రాసే నాలుగు బిట్ల గడి ఉంటుంది. అందులో 5 అనే అంకెను అప్పటికే స్ట్రీమ్ ప్రోటోకాల్‌కు ఇచ్చేశారు. మాట, వీడియో ఆగకుండా పంపడానికి చేసిన ప్రయోగమది, జనంలోకి రాలేదు. ఇచ్చిన అంకెను మళ్లీ వాడితే గందరగోళమని కొత్తదానికి 6 తీసుకున్నారు.